ఈ ముక్క ఏ పుస్తకంలోది?

1816లో మద్రాసులో అచ్చయిన తన తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఏ.డి. క్యాంబెల్ ఒక సంగతి చెప్పాడు. తిరుమల గుడిలో వేల రాగిరేకులు పదిలంగా ఉన్నాయనీ, వాటిమీద పద్యాలు చెక్కి ఉన్నాయనీ ఆయన చెవిన పడింది. ఒక మనిషిని పంపి చూపించాడు. వాటిలో దొరికిన ఒక వ్యాకరణానికి నకలు రాయించుకున్నాడు. మిగిలినవాటిలో దేవుడి మీద స్తోత్రాలు తప్ప ఏమీ లేవని తేల్చి ఆ సంగతి అంతటితో వదిలేశాడు. ఆయన చెప్పింది తప్పు కాదు, అవి స్తోత్రాలే. కానీ ఎవరివి, ఎన్ని, ఏ వరుసలో ఉన్నాయి, ఎందుకు రాగిమీద చెక్కించారు అన్న ప్రశ్నలు ఆయనకు పుట్టలేదు. తాను వెతుకుతున్నది అది కాదు కాబట్టి. ఆ తరువాత నూరేళ్లకు పైగా గడిచి, 1922 ప్రాంతంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి పూనికతో ఆ రేకులు తాళ్లపాకవారి సంకీర్తనలని లోకానికి తెలిసింది. అక్షరాలు గుర్తుపట్టడం ఒకటి, గ్రంథాన్ని గుర్తుపట్టడం ఇంకొకటి, చేతిలో ఉన్న వస్తువు ఏమిటో తెలుసుకోవడం మూడోది. పురాతన హీబ్రూ బైబిలు రాతప్రతుల ముక్కల మీద నూరేళ్లకు మించి నడుస్తున్న వాదాల్లో చాలా ఈ మూడింటినీ ఒకటిగా కలిపేయడం వల్ల పుట్టినవే. ముక్క చిన్నదయ్యేకొద్దీ దాని పేరు ముక్కలోంచి కాక చూసేవాడి కోరికలోంచి వస్తుంది. కాబట్టి ఒక గుర్తింపు నమ్మదగినదా కాదా అని అడిగేటప్పుడు, అది ఎంత బాగా అతికింది అని కాదు, అతకకపోవడానికి దానికి అవకాశం ఎంత ఇచ్చారు అని అడగాలి.

ముందు సరుకు ఎంతో చూద్దాం. మృతసముద్రపు ఒడ్డున కుమ్రాన్ దగ్గర 1947 నుంచి 1956 దాకా పదకొండు గుహల్లో రాతప్రతులు బయటపడ్డాయి. మొదటి గుహలో యెషయా గ్రంథపు చుట్ట దాదాపు మొత్తం దొరికింది కనుక జనం మనసులో కుమ్రాన్ అంటే నిండు చుట్టలే. నిజానికి ఎక్కువ భాగం చిత్తు. 1952లో బయటపడ్డ నాలుగో గుహ ఒక్కదానిలోనే ఐదువందలకు మించిన ప్రతులు సుమారు 15,000 ముక్కలుగా దొరికాయి. పశువుల కాపరులు ఏరి తెచ్చిన తునకలకు చదరపు సెంటీమీటరుకు ఒక దినారు లెక్కన సొమ్ము ఇచ్చి కొన్నారు. జెరూసలేంలోని మ్యూజియంలో పొడవాటి బల్లలమీద అద్దాల కింద వాటిని పరిచి, మిలిక్, క్రాస్, స్ట్రగ్నెల్, స్కీహన్ వంటి పండితులు ఏళ్ల తరబడి అతికించారు. కొన్నింటిని మామూలు సెల్లోటేపుతో అంటించారు. ఆ జిగురు తోలులోకి ఇంకి చేసిన చెరుపును తరువాతి తరం ఇప్పటికీ గోకుతోంది. అన్ని గుహలూ కలిపి తేలిన ప్రతులు తొమ్మిదివందల పైచిలుకు. వాటిలో హీబ్రూ బైబిలు గ్రంథాలవి రెండువందల పైచిలుకు, అంటే నాలుగో వంతు. ఎస్తేరు గ్రంథం ఒక్కటి తప్ప మిగిలినవాటికి ఏదో ఒక ఆనవాలు ఉంది. ఈ నాలుగో వంతు లెక్క గుర్తుంచుకోవాలి. ఊరూ పేరూ లేని ఒక ముక్క చేతికొస్తే అది బైబిలు కాకపోవడానికే మూడింతలు అవకాశం.

పని ఎలా జరుగుతుంది? పూర్వపు హీబ్రూ రాతలో అచ్చుల గుర్తులు లేవు, హల్లులే. అందులోనూ దాలెత్, రేష్ అనే రెండక్షరాలు కవలల్లా ఉంటాయి. క్రీస్తు కాలపు రాతలో వావ్, యోద్ అనేవాటికి పొడుగులో వెంట్రుకవాసి తేడా. తాటాకు ప్రతులు చదివినవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. ఎ ఏలకు, ఒ ఓలకు తేడా చూపని రాత, పదానికీ పదానికీ ఖాళీ లేని పంక్తి, మసి ఆరిపోయి గీత మాత్రమే మిగిలిన అక్షరం మన దగ్గరా ఉన్నవే. అయితే తెలుగు పద్యానికి ఒక కాపలా ఉంది. పురుగు తిని ఉత్పలమాల పాదం మధ్యలో చిల్లు పడిందనుకోండి. పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. చిల్లులో పోయినవి మూడక్షరాలైతే మూడే పట్టాలి, గురులఘువులు కుదరాలి, యతి స్థానం అక్కడే పడితే యతి చెల్లాలి. మన ఊహ తప్పయితే ఛందస్సే దాన్ని బయటికి తోసేస్తుంది. హీబ్రూ వచనానికి ఆ కాపలా లేదు. దానికి బదులు ఉన్నది పుట వెడల్పు. ముక్కమీద మొదటి పంక్తిలో మిగిలిన అక్షరానికీ, సరిగ్గా దాని కింద రెండో పంక్తిలో మిగిలిన అక్షరానికీ మధ్య పూర్తి పాఠంలో నలభై ఐదు అక్షరాలు ఉన్నాయనుకుందాం. రెండో పంక్తికీ మూడోదానికీ మధ్య నలభై ఆరు, తరువాత నలభై నాలుగు వస్తే గుర్తింపు నిలబడుతుంది. ఒకచోట నలభై ఐదు, ఇంకొకచోట అరవై రెండు వస్తే ఎక్కడో తప్పుంది. ముక్క పెద్దదై పంక్తులు ఎక్కువయ్యేకొద్దీ ఈ పరీక్షలు పెరుగుతాయి. మూడు పంక్తులూ ఏడక్షరాలూ ఉన్న తునకకు పరీక్ష పెట్టడానికే ఏమీ ఉండదు.

ఈ సంగతి ఏడో గుహలోని ఐదో ముక్క చెప్పినట్టు ఇంకేదీ చెప్పదు. అది హీబ్రూ కాదు, పపైరస్ మీద గ్రీకు రాత. అయినా పద్ధతి అదే కనుక ఇక్కడ ప్రస్తావించక తప్పదు. ఎత్తు నాలుగు సెంటీమీటర్లు లేదు. ఐదు పంక్తులు, ఇరవై అక్షరాల దాకా. వాటిలో సగం అక్షరాల మీద తగాదా. పూర్తిగా మిగిలిన మాట ఒక్కటే, గ్రీకులో 'మరియు' అనే అర్థం వచ్చేది. 1972లో హోసే ఓకల్లహాన్ అనే స్పెయిన్ దేశపు జెస్యూట్ పండితుడు ఇది మార్కు సువార్త ఆరో అధ్యాయంలోదని ప్రకటించాడు. నాలుగో పంక్తిలో కనిపించే నాలుగు అక్షరాలు గెన్నేసరెతు అనే ఊరి పేరులోవని ఆయన ఆధారం. అదే నిజమైతే సువార్తల రచనాకాలం గురించి పండితులు చెప్పిందంతా తిరగరాయాలి, అందుకే పత్రికలు ఎగబడ్డాయి. కానీ లెక్క కుదరడానికి ఆయన ఒక మాటలో 'ద' ఉండాల్సినచోట 'త' రాశారని ఒప్పుకోవాల్సి వచ్చింది. మార్కు పాఠంలో ఉన్న 'నేలకు' అనే పదబంధాన్ని ఈ ప్రతిలో వదిలేశారనీ అనుకోవాల్సి వచ్చింది. ఆ నాలుగు అక్షరాలు 'కనెను' అనే క్రియలోనూ వస్తాయి, గ్రీకు వంశావళుల్లో అది అడుగడుగునా ఉండే మాట. పాఠం కుదరకపోతే పాఠాన్నే కత్తిరించే వెసులుబాటు ఉన్నచోట ఓటమి అనేదే లేదు. ఓడిపోయే వీలు లేని వాదం గెలిచిందనడంలోనూ అర్థం లేదు. ఆయనే తిమోతి పత్రికలోదని చెప్పిన ఇంకో ముక్కను, పక్క తునకలతో కలిపి, తరువాతివారు హనోకు గ్రంథపు గ్రీకు అనువాదంగా చదివారు. అదీ అందరూ ఒప్పుకున్నది కాదు. కానీ వాదన తీరు వేరు: ఎర్నెస్ట్ మూరో అనే పరిశోధకుడు పపైరస్ నారలు ఒక తునకనుంచి ఇంకో తునకలోకి సాగుతున్నాయా అని చూశాడు. నారకు సువార్త తెలియదు, హనోకూ తెలియదు. అలాంటి సాక్షి మాటే వినదగ్గది.

ఇప్పుడు కంప్యూటరు ఉంది కదా, అక్షరాలు కొడితే ఎక్కడివో అదే చెబుతుంది, ఈ గొడవంతా పాతకాలపుది అనే ఆక్షేపణ ఒకటి వినిపిస్తుంది. సగం నిజం. కైరో యూదుల ప్రార్థనామందిరపు అటకమీంచి 1896-97లో సాలమన్ షెక్టర్ తరలించిన రాతలు కేంబ్రిడ్జిలో లక్షా తొంభైవేలకు పైగా ఉన్నాయి. ఒకే పుస్తకపు ఆకులు పది దేశాల గ్రంథాలయాల్లో చెదిరిపోయిన ఆ మహాసముద్రంలో చేతిరాతను, పంక్తుల ఎడాన్ని పోల్చి జతలను సూచించడం యంత్రం చేసినట్టు మనిషి చేయలేడు. మృతసముద్రపు ఒడ్డునే ఉన్న ఎన్‌గెదిలో 1970లో దొరికిన బొగ్గుముద్దలాంటి చుట్టను విప్పకుండానే, లోపలి పొరలను స్కాన్ చేసి, కంప్యూటరు శాస్త్రజ్ఞుడు బ్రెంట్ సీల్స్ బృందం 2015లో లేవీయకాండం మొదటి అధ్యాయాల్ని చదివింది. ఈ గుర్తింపు మీద ఎవరికీ అనుమానం లేదు. ఎందుకంటే రెండు పుటల పాఠం వరుసగా వచ్చింది. తప్పయితే పది చోట్ల పట్టుబడేది. అదే యంత్రానికి ఏడక్షరాలు ఇచ్చి చూడండి, యాభై చోట్లు చూపిస్తుంది. ఆ యాభైలోంచి ఏరుకునేది మళ్లీ మనిషే, ఆ మనిషి కోరికే. పైగా వెతికే యంత్రంలో ఉన్నవి మిగిలిన పుస్తకాలే. పోయిన పుస్తకంలోని వాక్యం అడిగితే ఉన్నవాటిలో దగ్గరగా కనిపించేదాన్ని చూపిస్తుంది తప్ప, ఇది నా దగ్గర లేదు అని చెప్పదు. కుమ్రాన్‌లో బయటపడ్డవాటిలో అంతకుముందు లోకానికి తెలియనివే ఎన్నో ఉన్నాయని మరిచిపోకూడదు.

మాటలు తేలినా పుస్తకం తేలినట్టు కాదు. వేటూరి ప్రభాకరశాస్త్రి 1918లో ప్రకటించిన ప్రబంధ రత్నావళిని తెలుగు పాఠకులు గుర్తు చేసుకోవచ్చు. గ్రంథాలు పోయి, సంకలనాల్లో ఎవరో ఎత్తిరాసుకున్న పద్యాలు మాత్రమే మిగిలిన కవులు అందులో ఎందరో. పద్యం దొరికింది, కావ్యం దొరకలేదు. హీబ్రూలోనూ సరిగ్గా ఇదే చిక్కు. 1902లో డబ్ల్యూ.ఎల్. నాష్ ఈజిప్టులో కొన్న నాలుగు పపైరస్ ముక్కల్లో పది ఆజ్ఞలూ, ద్వితీయోపదేశకాండంలోని 'ఇశ్రాయేలూ వినుము' అనే భాగమూ ఉన్నాయి. మృతసముద్రపు చుట్టలు దొరికేదాకా ప్రపంచంలోకెల్లా పాత హీబ్రూ బైబిలు ప్రతి అని దానికి పేరు. అయితే అందులో ఆజ్ఞల పాఠం కొంత నిర్గమకాండంతోనూ కొంత ద్వితీయోపదేశకాండంతోనూ కలుస్తుంది. వ్యభిచారం గురించిన ఆజ్ఞ హత్య గురించినదానికి ముందు వస్తుంది. అది బైబిలు ప్రతి కాదు, ప్రార్థనకో పాఠానికో రాసుకున్న కాగితం అని చూస్తే ఈ వింతలన్నీ సర్దుకుంటాయి. జెరూసలేం దగ్గర కెతెఫ్ హిన్నోంలో 1979లో గేబ్రియల్ బర్కాయ్ తవ్వకంలో దొరికిన రెండు వెండి రేకుచుట్టలదీ అదే కథ. సంఖ్యాకాండంలోని యాజకుల దీవెన వాటిమీద ఉంది, కుమ్రాన్ ప్రతులకన్నా నాలుగైదు వందల ఏళ్లు పాతవి. మెడలో కట్టుకున్న తాయెత్తులవి. దీవెన ఆనాటికే వాడుకలో ఉందని అవి రుజువు చేస్తాయి. సంఖ్యాకాండం అనే గ్రంథం ఆనాటికి ఉందని రుజువు చేయవు. మెడలోని తాయెత్తుమీద గాయత్రి చెక్కి ఉంటే ఋగ్వేదం రాతప్రతి దొరికిందని మనం అంటామా?

మన తిరుమల రేకుల దగ్గరా ఈ జాగ్రత్త కావాల్సి వచ్చింది. తాళ్లపాకవారిలో మూడు తరాలవారైన అన్నమాచార్యులు, పెదతిరుమలాచార్యులు, చినతిరుమలాచార్యులు ముగ్గురి పాటల్లోనూ వేంకటేశ ముద్ర ఉంటుంది. విడిగా ఒక రేకు చేతిలో పెట్టి, ముద్రనుబట్టి ఎవరిదో చెప్పమంటే చెప్పలేం. రేకుమీది అంకె, పాట తలమీద ఉన్న రాగం పేరు, అన్నమాచార్యుల పేరూ శక 1346 క్రోధి సంవత్సరమూ చెప్పే మొదటి రేకు, ఇవన్నీ కలిసి చెప్పాలి. అచ్చయిన సంపుటాల్లో ఈనాటికీ ప్రతి పాటకూ రేకు సంఖ్య వేయడం అలంకారం కోసం కాదు. ఆ అంకెలు పోతే మూడు తరాలూ ఒక్క ముద్దైపోతాయి.

చిల్లుల్ని అచ్చుపుస్తకం చూసి పూడ్చడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. ముక్కలో మిగిలిన నాలుగు మాటలు యిర్మీయా గ్రంథంలోవని తేలగానే మిగతా పుటంతా ఇప్పటి హీబ్రూ బైబిలుతో నింపి, చూశారా ఈ ప్రతి ఇప్పటి పాఠాన్నే సమర్థిస్తోంది అంటారు. నింపింది వాళ్లే, సాక్ష్యం చెప్పిస్తున్నదీ వాళ్లే. యిర్మీయాకు గ్రీకు అనువాదం హీబ్రూకన్నా దాదాపు ఏడో వంతు పొట్టి, అధ్యాయాల వరుస కూడా వేరు. అనువాదకుడే కుదించాడని చాలాకాలం అనుకున్నారు. నాలుగో గుహ ముక్కల్లో అదే పొట్టి పాఠం హీబ్రూలోనే కనబడింది. పంక్తి వెడల్పు లెక్కలో ఇప్పటి పాఠం పట్టదు, పొట్టిది పడుతుంది. అంటే క్రీస్తుకు ముందు యిర్మీయా రెండు రూపాల్లో తిరిగింది. పూడ్చేముందు కొలిచి చూశారు గనుక ఈ సంగతి తెలిసింది, లేకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. కొలవకుండా ఆశపడ్డ కథ ఒకటి మన దక్షిణాదిలోనే ఉంది. క్లాడియస్ బుకానన్ అనే క్రైస్తవ మతాచార్యుడు 1806లో కొచ్చి యూదుల దగ్గర్నుంచి ఎర్ర రంగు అద్దిన మేకతోళ్లపై రాసిన ధర్మశాస్త్రపు చుట్టను సంపాదించి కేంబ్రిడ్జికి చేర్చాడు. పడమటి దేశాలకు దూరంగా ఉన్న యూదుల ప్రతి కాబట్టి వేరే పాత పాఠం ఉంటుందని ఆశ. 1812లో థామస్ యేట్స్ అక్షరం అక్షరం సరిచూస్తే తేలినవి చిన్న చిన్న తేడాలే. యేట్స్ చేసిన ఆ విసుగు పుట్టించే పనికి, బుకానన్ ఆశకన్నా ఎక్కువ విలువ ఇస్తాను.

వస్తువు విషయానికొస్తే, తోలు కూడా మాట్లాడుతుందని ఈమధ్యే తెలిసింది. 2020లో వచ్చిన డీఎన్ఏ పరిశోధనలో, ఒకే చుట్టలోవని అనుకుంటూ వచ్చిన రెండు యిర్మీయా ముక్కల్లో ఒకటి గొర్రె తోలు, ఇంకొకటి ఆవు తోలు అని తేలింది. యూదయ ఎడారిలో ఆవుల్ని మేపేంత గడ్డి లేదు కాబట్టి ఆ రెండోది బయటినుంచి వచ్చిందని పరిశోధకులు అన్నారు. చేతిరాత ఒకేలా ఉందని కళ్లు చెప్పినా తోలు కాదంది. అయితే తోలు పాతదైనంత మాత్రాన రాత పాతది కాదు. 2002 తరువాత పురావస్తువుల బజారులోకి డెబ్భైకి పైగా 'మృతసముద్రపు ముక్కలు' వచ్చాయి. వాషింగ్టన్‌లోని బైబిలు మ్యూజియం కొన్న పదహారూ దొంగవేనని 2020 మార్చిలో ఆ మ్యూజియమే నియమించిన నిపుణులు తేల్చారు. పాత తోలుమీద కొత్త సిరా. పగుళ్లు ముందే ఉన్నాయి కనుక సిరా వాటిలోకి జారింది. ఆ బజారు ముక్కల్లో ఒకదానిలో, అచ్చు హీబ్రూ బైబిల్లో పాఠాంతరాన్ని సూచించడానికి వేసే చిన్న గ్రీకు అక్షరంలాంటిది కూడా ఉందని కిప్ డేవిస్ చూపించాడు. అధస్సూచిక గుర్తును సైతం నకలు చేసుకున్న రెండువేల ఏళ్ల నాటి లేఖకుడన్నమాట! నాకు మాత్రం అన్నిటికన్నా ముందు అనుమానం రావాల్సింది లెక్కల దగ్గర. గుహల్లో దొరికినవాటిలో బైబిలు నాలుగో వంతైతే, బజారులో వచ్చినవాటిలో ఎక్కువ భాగం బైబిలే, అదీ వాక్యం ఇట్టే గుర్తుపట్టేలా. కొనేవాడికి ఏది కావాలో ముక్కకు ఎలా తెలిసింది?

ఇంత అనుమానం పెట్టుకుంటే వేల ముక్కలకు పేరే ఉండదు, తాత్కాలికంగా ఒక పేరు పెడితే పోయేదేముంది అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 1883లో జెరూసలేం పాతవస్తువుల వ్యాపారి మోసెస్ షపీరా తెచ్చిన ద్వితీయోపదేశకాండం తోలుపట్టీలను గంటలు గడవకుండా దొంగవని కొట్టిపారేసినవారి తొందర కూడా తప్పేనని ఈమధ్య వాదించినవారున్నారు. ఆ పట్టీలు ఇప్పుడు లేవు కాబట్టి ఆ వాదం తేలదు. అనుమానం కూడా ఒక కోరికే కాగలదని ఒప్పుకోవాలి. కానీ తాత్కాలికం అని పెట్టిన పేరు జాబితాలోకి ఎక్కాక తాత్కాలికంగా ఉండదు. జాబితా చూసి రాసినవాడు, వాడిని చూసి రాసినవాడు, మూడో చేతికి వచ్చేసరికి ప్రశ్నార్థకం రాలిపోతుంది. నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో మానవల్లి రామకృష్ణకవి ప్రకటిస్తూ కవిని నన్నయకు ముందువాడన్నారు. ఆ ఒక్క మాట మీద తెలుగు పండితులు దశాబ్దాలు తగువులాడారు. కాలం తేలలేదని మొదటే ఒక ప్రశ్నార్థకం పెట్టి ఉంటే ఆ సిరాలో కొంత కావ్యాన్ని చదవడానికి మిగిలేది. పేరు లేని ముక్కను పేరు లేనిదిగానే జాబితాలో ఉంచడం ఓటమి కాదు. కుమ్రాన్ సంపుటాల్లో గుర్తుపట్టనివి అని చివరన అచ్చువేసిన పటాల్లోంచే తరువాతివారు ఎన్నో ముక్కలకు ఇల్లు చూపించారు. తప్పు పేరు తగిలించిన ముక్కనైతే ఎవరూ మళ్లీ వెతకరు.

ఈ జాగ్రత్తలు మన ఇళ్లలోని తాటాకులకూ కావాలి. మన బంగారుపాళ్యం నుంచి తిరుపతికి రెండు గంటల దారి. 1939లో దేవస్థానం నెలకొల్పి, తరువాత శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి అప్పగించిన ప్రాచ్య పరిశోధన సంస్థ అక్కడ ఉంది. తాటాకు ప్రతులు చదివేవాళ్లు అక్కడ ఉన్నారు. పాళెగాళ్ల కాలంనాటి ఇళ్లు కూల్చి మిద్దెలు కడుతున్న ఈ రోజుల్లో అటకమీదో పాత పెట్టెలోనో ఆకులకట్ట కనబడితే దారం తెంచకండి, ఆకుల వరుస మార్చకండి, తుడవకండి, మీ అంతట మీరు నూనె రాయకండి. అంచున ఆకు సంఖ్య ఉన్న చోటు విరిగి పడితే ఆ తునకను కూడా కవర్లో వేసి అదే కట్టతో ఉంచండి. ఏ ఊళ్లో, ఎవరి ఇంట్లో, ఏ పెట్టెలో, పక్కన ఇంకేముండగా దొరికిందో తేదీ వేసి ఒక కాగితంమీద రాసిపెట్టండి. అది భారతమో, వైద్యమో, వడ్డీలెక్కో మీరు తేల్చనక్కర్లేదు.